గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయిన లాప్‌టాప్: ఒక కేస్ స్టడీ

శనివారం పన్నెండు గంటలు కావస్తుండగా తండ్రీ కూతుళ్లు ఇద్దరు హనుమకొండలోని నా సర్వీస్ షాపుకు వచ్చారు. ఆయనకు పరకాలలో జిరాక్స్, డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు చేస్తారు. కూతురు ఇక్కడే హాస్టల్లో ఉండి బీటెక్ మూడో ఏడు చదువుతోంది. ఇద్దరికీ కలిపి ఒకటే లాప్‌టాప్. వారమంతా అమ్మాయి దగ్గర ఉంటుంది, శని ఆదివారాల్లో పరకాల వెళ్తుంది.

"అన్నా, హార్డ్ డిస్క్ పోయిందంటున్నరు. కొత్తది వేసి విండోస్ ఎక్కించుడు తప్ప దారి లేదంట" అంది అమ్మాయి. అంతకు ముందు రోజు ఇంకో చోట చూపించుకుని వచ్చారట. తండ్రి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "సార్, అందులో పదకొండు పెళ్లి కార్డులున్నయి. మూఢం పోయింది, ముహూర్తాలు మొదలైనయి. ఒక్కటి కూడా ఇంకా ప్రింటుకు పోలే" అన్నారు.

ఒక మెషీన్‌లో రెండు మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేసుకుని, బూట్ మెనూ (పవర్ నొక్కగానే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే జాబితా, లినక్స్‌లో దాన్ని చూపించేది గ్రబ్ అనే ప్రోగ్రామ్) చెడగొట్టుకుని వచ్చేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఒకటుంది. ఇలాంటి మెషీన్లలో ఫైళ్లు దాదాపు ఎప్పుడూ ఉన్నచోటే క్షేమంగా ఉంటాయి. అవి పోయేది రిపేరు పేరుతో ఆ తర్వాత మనం తొందరపడి చేసే పనుల వల్లే. బూట్ అంటే పవర్ నొక్కాక సిస్టమ్ తెరుచుకోవడం, అది మెట్టు మెట్టుగా జరిగే పని. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిసేదాకా డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు, చదవడమే చేయాలి. ఈ లాప్‌టాప్‌లో ఆ మెట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి కళ్లకు కట్టినట్టు కనిపించాయి.

మెషీన్ సంగతి

ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ. అందులో విండోస్ 10 ఉంది. విండోస్ 11కు ఏడో తరంలో ఒకటీ అరా మోడళ్లకు తప్ప అనుమతి లేదు, కాబట్టి దీన్ని అధికారికంగా అప్‌గ్రేడ్ చేసుకునే వీలు లేదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మద్దతు ముగిసింది కదా, ఆ తర్వాత ఇలాంటి పాత లాప్‌టాప్‌లలో లినక్స్ వేయమని అడిగేవాళ్లు పెరిగారు. ఈ అమ్మాయి మాత్రం కాలేజీ ల్యాబ్ కోసం అంతకు ముందే ఉబుంటు 22.04 అనే లినక్స్ వేసుకుంది.

విండోస్ తీసేయడానికి లేదు. నాన్నగారి పనంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఆ ఫైళ్లు ఆ ఫాంట్లు లేని ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట అర్థం లేని గుర్తులు వస్తాయి. కూతురికి ఉబుంటు కావాలి, తండ్రికి విండోస్ కావాలి. రెండూ నడిచి తీరాలి.

మొదటి మెట్టు: మదర్‌బోర్డుకు డిస్క్ కనిపిస్తోందా

పవర్ నొక్కితే కంపెనీ లోగో వచ్చి పోయి, నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలతో 'నో బూటబుల్ డివైస్' అని వచ్చి ఆగింది. ఈ ఒక్క లైను చూసే డిస్క్ పోయిందని తేల్చి ఉంటారు. నిజానికి ఆ లైనుకు అర్థం 'బూట్ చేయడానికి నాకు ఏమీ దొరకలేదు' అని మాత్రమే.

ఎఫ్2 నొక్కి సెటప్‌లోకి వెళ్లాను. మొదటి పేజీలోనే ఎస్ఎస్‌డీ మోడల్ పేరు, సీరియల్ నంబర్ ఉన్నాయి. పేరు కనిపించినంత మాత్రాన డిస్క్ పూర్తి ఆరోగ్యంగా ఉందని చెప్పలేం కానీ, బోర్డు దాన్ని గుర్తుపడుతోందని తెలిసింది. కొత్త డిస్క్ మాట అప్పటికి పక్కన పెట్టొచ్చు.

బూట్ పేజీకి వెళ్తే అక్కడ దొరికింది. బూట్ మోడ్ 'లెగసీ' అని ఉంది.

"ఇది ఎవరు మార్చారమ్మా?"

"హాస్టల్ల మా ఫ్రెండ్ అన్నా. ఏదో వీడియోల లెగసీ పెడితే వస్తదని చెప్పిన్రంట."

బోర్డు సిస్టమ్‌ను వెతికే పద్ధతులు రెండు, పాతది లెగసీ, కొత్తది యూఈఎఫ్ఐ. ఈ తేడా తెలియకపోతే బూట్ మెనూ సమస్య ఏదీ అర్థం కాదు, అందుకే కాస్త నిలబడి చెప్తాను. లెగసీ పద్ధతిలో బోర్డు డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టారును చదువుతుంది. అది మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల (డిస్క్‌లోని భాగాల) పట్టిక, చివరి 2 బైట్లు 'ఇది బూట్ సెక్టారే' అని చెప్పే గుర్తు. అంత ఇరుకు చోటు కాబట్టే పాత రోజుల్లో ఒక సిస్టమ్ వేస్తే ఇంకోదాని బూట్ కోడ్ చెరిగిపోయేది.

యూఈఎఫ్ఐ పద్ధతి వేరు. అందులో డిస్క్ మీద ఫ్యాట్32తో ఫార్మాట్ చేసిన చిన్న పార్టిషన్ ఒకటి ఉంటుంది. దాన్ని ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు, మేం ఈఎస్‌పీ అంటాం. ప్రతి సిస్టమ్ అందులో తన పేరున ఒక ఫోల్డర్ పెట్టుకుని, తన బూట్‌లోడర్ (సిస్టమ్‌ను తెరిచే చిన్న ప్రోగ్రామ్) ఫైలు దాచుకుంటుంది. ఏ ఫైలును ముందు పిలవాలి, దేన్ని తర్వాత పిలవాలి అన్న వరస మాత్రం డిస్క్‌లో ఉండదు, మదర్‌బోర్డు మీద చిప్‌లోని ఎన్‌వీర్యామ్ అనే మెమరీలో ఉంటుంది. ఈ లాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు రెండూ యూఈఎఫ్ఐలోనే వేశారు. లెగసీకి మార్చగానే బోర్డు వెళ్లి మొదటి సెక్టారులో వెతికింది, అక్కడ కోడ్ లేదు, 'ఏమీ లేదు' అంది. ఇంటి తలుపు తూర్పున ఉంటే పడమటి గోడ కొట్టి ఎవరూ లేరని వెళ్లిపోయినట్టు.

మోడ్‌ను తిరిగి యూఈఎఫ్ఐకి మార్చి, సేవ్ చేసి రీస్టార్ట్ చేశాను. ఈసారి వేరే స్క్రీన్ వచ్చింది. పైన ఒక వాక్యం, కింద ఎడమ వైపు 'గ్రబ్>' అని, పక్కన మిణుకుమంటూ కర్సర్.

"ఇదే అన్నా! మొదట ఇదే వచ్చింది. దీనికి భయపడే ఫ్రెండ్‌కిచ్చిన."

నాకైతే అది చూసి ధైర్యం వచ్చింది. గ్రబ్ ప్రాంప్ట్, అంటే గ్రబ్ మన ఆదేశం కోసం ఎదురుచూసే ఈ తెర, వచ్చిందంటే బోర్డు ఈఎస్‌పీని చూసింది, ఉబుంటు ఫోల్డర్ తెరిచింది, గ్రబ్‌ను లోడ్ చేసింది. గ్రబ్‌కు తన మెనూ ఫైలు ఎక్కడుందో తెలియక నిలబడింది, అంతే. ఇక్కడో చిన్న తేడా గుర్తుంచుకోవాలి. ప్రాంప్ట్‌లో 'గ్రబ్ రెస్క్యూ>' అని ఉంటే గ్రబ్‌కు తన మాడ్యూళ్లు కూడా దొరకలేదని అర్థం, అప్పుడు పని ఇంకాస్త ఎక్కువ. ఉత్త 'గ్రబ్>' అంటే దాదాపు అన్ని ఆదేశాలూ నడుస్తాయి.

ముందు ఫైళ్లు, తర్వాతే మెనూ

గ్రబ్ సంగతి చూసే ముందు మెషీన్ ఆపి, ఎఫ్12తో బోర్డు సొంత బూట్ మెనూ తెరిచాను. రెండు పేర్లున్నాయి: ఉబుంటు, విండోస్ బూట్ మేనేజర్. రెండోది ఎంచుకుంటే అర నిమిషంలో విండోస్ డెస్క్‌టాప్ వచ్చింది. తండ్రి ముందుకు వంగి, మౌస్ తనే తీసుకుని, పేజ్‌మేకర్‌లో ఒక కార్డు తెరిచారు. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆయన కుర్చీలో కూర్చున్నది అప్పుడే.

ఆనందంలో ఇక్కడే ఆగిపోయి మిగతా రిపేరు మొదలుపెట్టేయకూడదు. ముందు కార్డుల ఫోల్డర్, ఫాంట్ల ఫోల్డర్, అమ్మాయి రికార్డుల ఫోల్డర్ మూడూ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాను. ఇరవై నిమిషాలు పట్టింది. కాపీ అయిన ఫైళ్లలో రెండింటిని బయటి డిస్క్ నుంచే తెరిచి చూశాకే ముందుకు కదిలాను. ఇది నేను ఎంత రద్దీలోనైనా వదలని పని.

ఆ ఇరవై నిమిషాల్లో స్క్రీన్ కింద మూలన గడియారం మీద కన్ను పడింది. గోడ గడియారం 12:10 చూపిస్తోంది, లాప్‌టాప్ 6:40 చూపిస్తోంది. సరిగ్గా ఐదున్నర గంటల తేడా. "నెల రోజుల సంది బిల్లుల మీద టైమ్ తప్పు పడుతున్నది సార్, సెల్ మార్చాలెనేమో అనుకున్న" అన్నారాయన. మదర్‌బోర్డు మీది బ్యాటరీ సెల్‌కు దీనితో సంబంధం లేదు, ఈ తేడా కథ తర్వాత చెప్తాను.

టీ తాగుతూ అమ్మాయిని మొదటి నుంచి చెప్పమన్నాను. ఇలాంటి కేసుల్లో సగం రిపేరు ఈ మాటల్లోనే ఉంటుంది. ఆమె చెప్పిన వరస ఇది. మొదట ఉబుంటు వేసుకుంది. అప్పుడు మెనూలో విండోస్ వచ్చేది కాదు, ఎఫ్12 నొక్కి వెళ్లేది. అది చిరాకుగా ఉందంటే ఫ్రెండ్ ఒకరు లినక్స్ మింట్ వేసి చూడమన్నారు. మిగిలిన 40 జీబీలో మింట్ వేశాక మూడు సిస్టమ్‌లూ ఉన్న మెనూ వచ్చింది, బాగుంది. నాలుగు వారాలకు విండోస్ సీ డ్రైవ్ నిండిపోయింది. మింట్ ఎలాగూ వాడట్లేదని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ పార్టిషన్ తీసేసింది. సీ డ్రైవ్‌ను పెంచుదామంటే ఎక్స్‌టెండ్ అన్న ఆప్షన్ నొక్కడానికే రాలేదు. సరేలే అని షట్‌డౌన్ చేసింది. మర్నాడు పొద్దున ఆన్ చేస్తే గ్రబ్ ప్రాంప్ట్.

"మింట్ ఒక్కటే తీసిన అన్నా. ఉబుంటుని ముట్టలే."

నిజమే, ఆ అమ్మాయి ఉబుంటు పార్టిషన్‌ను ముట్టలేదు. అయినా ఉబుంటు ఎందుకు రావట్లేదన్నదే ఈ కేసులో అసలు ముడి.

గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర

రీస్టార్ట్ చేసి మళ్లీ గ్రబ్ ప్రాంప్ట్‌కు వచ్చాం. కీబోర్డు అమ్మాయికే ఇచ్చాను, రేపు హాస్టల్లో నేను ఉండను కదా. మొదటి ఆదేశం 'ఎల్ఎస్'. డిస్క్‌ల, పార్టిషన్ల జాబితా వచ్చింది: హెచ్‌డీ0, దాని పక్కన జీపీటీ5, జీపీటీ4, జీపీటీ3, ఇలా జీపీటీ1 దాకా. మింట్ ఉండిన జీపీటీ6 జాబితాలో లేదు. జీపీటీ అనే ఈ కొత్త తరహా పార్టిషన్ల పట్టికలో ఒక పార్టిషన్ తీసేసినా మిగతావాటి నంబర్లు జరగవు కాబట్టి ఉబుంటు ఇంకా ఐదులోనే ఉండాలి.

'ఎల్ఎస్ (హెచ్‌డీ0,జీపీటీ5)/' అని కొట్టించాను. చివర ఆ గీత తప్పకుండా ఉండాలి, అది లేకపోతే లోపలి ఫోల్డర్లు చూపించదు. లాస్ట్ ప్లస్ ఫౌండ్, బూట్, ఈటీసీ, హోమ్... అన్నీ వరసగా వచ్చాయి. ఉబుంటు చెక్కుచెదరలేదు.

తర్వాత మూడు ఆదేశాలు. రూట్ అంటే జీపీటీ5 అని సెట్ చేయడం, ప్రిఫిక్స్ అంటే దానిలోని బూట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ ఫోల్డర్ అని సెట్ చేయడం, ఆ ఫోల్డర్‌లోని మెనూ ఫైలును 'కాన్ఫిగ్‌ఫైల్' ఆదేశంతో పిలవడం. రెండో దానిలో అమ్మాయి కామా పక్కన ఒక స్పేస్ కొట్టింది, గ్రబ్ ఒప్పుకోలేదు. సరిచేసి కొడితే ఉబుంటు మెనూ వచ్చింది. ఎంటర్ నొక్కితే లాగిన్ స్క్రీన్.

నేను ఇక్కడ ఒక పొరపాటు చేశాను, దాన్ని దాచడం ఈ వ్రాతకు న్యాయం కాదు. ఉబుంటు టెర్మినల్ తెరిచి, అలవాటు కొద్దీ 'సుడో అప్‌డేట్-గ్రబ్' కొట్టి రీస్టార్ట్ చేశాను. మళ్లీ అదే గ్రబ్ ప్రాంప్ట్. పది నిమిషాలు పోయాయి. అప్‌డేట్-గ్రబ్ చేసే పని ఉబుంటు పార్టిషన్‌లో ఉన్న మెనూ ఫైలును మళ్లీ రాయడం. ఆ ఫైలు ముందు నుంచీ బాగానే ఉంది. దాని దాకా దారి చూపే ఫైలు వేరే చోట ఉంది, చెడింది అది.

మూడు లైన్ల ఫైలు

మళ్లీ చేత్తో ఉబుంటులోకి వచ్చి, ఈఎస్‌పీలోని ఉబుంటు ఫోల్డర్ తెరిపించాను. అందులో గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ అనే ఫైలుంది. పేరు చూసి అదే మెనూ అనుకుంటారు చాలామంది. తెరిస్తే మూడే లైన్లు. ఫలానా యూయూఐడీ (ఒక్కో పార్టిషన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) ఉన్న పార్టిషన్‌ను వెతుకు అని మొదటి లైను. దానిలోని బూట్, గ్రబ్ ఫోల్డర్‌ను ప్రిఫిక్స్‌గా పెట్టుకో అని రెండోది. అక్కడున్న అసలు మెనూ ఫైలు తెరువు అని మూడోది. అంటే ఇది ఊరి పొలిమేరలో నిలబెట్టిన దారి బోర్డు లాంటిది.

పక్క టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌బ్లాక్ -ఎఫ్' కొట్టి పార్టిషన్ల యూయూఐడీలు తెప్పించాను. అమ్మాయిని వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చమన్నాను. మొదటి అంకె దగ్గరే ఆగిపోయింది. దారి బోర్డులో 7తో మొదలవుతోంది, ఉబుంటు పార్టిషన్‌ది 3తో మొదలవుతోంది. 7తో మొదలయ్యే పార్టిషన్ డిస్క్‌లో ఎక్కడా లేదు.

"మింట్‌దా అన్నా ఇది?"

మింట్‌దే. లినక్స్ మింట్ ప్రధాన వెర్షన్ ఉబుంటు మీదే కట్టినది. అది ఈఎస్‌పీలో తన పేరున కొత్త ఫోల్డర్ పెట్టుకోదు, 'ఉబుంటు' అన్న ఫోల్డర్‌నే వాడుతుంది. ఎన్‌వీర్యామ్‌లో కూడా ఉబుంటు అన్న పేరుతోనే నమోదవుతుంది. మింట్ వేసిన రోజునే ఆ మూడు లైన్ల ఫైలు మీద కొత్తది పడింది, దారి ఉబుంటు నుంచి మింట్ వైపు తిరిగింది. మింట్ ఉన్నన్నాళ్లూ దాని మెనూలోంచి ఉబుంటు కూడా తెరుచుకునేది కాబట్టి ఎవరికీ తెలియలేదు. మింట్ పార్టిషన్ తీసేయగానే దారి బోర్డు లేని ఊరికి చూపిస్తూ మిగిలిపోయింది. ఉబుంటు, మింట్ రెండూ ఒకే డిస్క్‌లో వేసుకోవాలనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందే తెలుసుకుని ఉంటే చాలు. ఫెడోరా, డెబియన్ లాంటి లినక్స్‌లు తమ పేరున విడి ఫోల్డర్లు పెట్టుకుంటాయి, వాటితో ఈ గొడవ రాదు.

కారణం తెలిశాక రిపేరుకు ఐదు నిమిషాలు చాలు. ఈఎస్‌పీ మౌంట్ అయి ఉందో లేదో చూసి, 'సుడో గ్రబ్-ఇన్‌స్టాల్' కొట్టాం. ఎర్రర్ ఏదీ లేదని చివరి లైను చెప్పింది. మూడు లైన్ల ఫైలు మళ్లీ తెరిస్తే ఈసారి 3తో మొదలవుతోంది. చేత్తో ఆ యూయూఐడీ ఒక్కటి మార్చినా సరిపోయేది కానీ, మింట్ వదిలివెళ్లిన బూట్‌లోడర్ ఫైళ్లు అక్కడ ఉండటం నాకిష్టం లేదు. అందుకే మొత్తం ఉబుంటువే మళ్లీ వేయించాను.

మెనూలో విండోస్ ఎందుకు లేదు

రీస్టార్ట్ చేస్తే ఈసారి నేరుగా ఉబుంటు. మెనూ కనిపించనే లేదు, విండోస్ పేరు లేదు. తండ్రి ముఖం మళ్లీ మారింది. "ఏం కాలేదు, విండోస్ అక్కడే ఉంది, మెనూలో పేరు రాయలేదంతే" అని చెప్పాను.

ఇది మొదటి నుంచీ ఆ అమ్మాయికి ఉన్న ఇబ్బందే. పక్క పార్టిషన్లలో వేరే సిస్టమ్‌లు ఉన్నాయేమో వెతికే పని ఓఎస్-ప్రోబర్ అనే ప్రోగ్రామ్‌ది. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. అడ్మిన్ హక్కులతో ప్రతి పార్టిషన్‌నూ తెరిచి చూడటం, అక్కడ దొరికినదాన్ని బట్టి మెనూ రాయడం భద్రతకు మంచిది కాదన్నది వాళ్ల కారణం. కారణం సబబే. ఉబుంటు 22.04లో ఉన్నది ఈ 2.06నే. అప్‌డేట్-గ్రబ్ కొట్టినప్పుడు ఓఎస్-ప్రోబర్‌ను నడపడం లేదని ఒక హెచ్చరిక కూడా వచ్చింది, ఇందాక నేను చేసిన తొందరలో దాన్ని చదవలేదు.

ఈటీసీ ఫోల్డర్‌లోని డిఫాల్ట్ ఫోల్డర్‌లో గ్రబ్ అనే ఫైలు తెరిచి మూడు మార్పులు చేశాం. ఓఎస్-ప్రోబర్‌ను ఆపే సెట్టింగ్ విలువ 'ఫాల్స్', మెనూ తీరు 'హిడెన్' బదులు 'మెనూ', ఆగే సమయం 10 సెకన్లు. తర్వాత అప్‌డేట్-గ్రబ్. ఈసారి విండోస్ బూట్ మేనేజర్ దొరికిందని లైను వచ్చింది. రీస్టార్ట్ చేస్తే ఉదారంగు తెర మీద ఉబుంటు, దాని అడ్వాన్స్‌డ్ ఆప్షన్లు, విండోస్ బూట్ మేనేజర్, యూఈఎఫ్ఐ సెట్టింగులు. తండ్రి ఫోన్ తీసి ఆ మెనూ ఫొటో తీసుకున్నారు. బాణం కీ రెండుసార్లు కిందికి నొక్కి ఎంటర్ కొట్టాలని నాతో రెండుసార్లు చెప్పించుకున్నారు.

లెగసీ పెట్టడం కోసం ఫ్రెండ్ ఆపేసిన సెక్యూర్ బూట్‌ను (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే తెరవనిచ్చే సెట్టింగ్‌ను) కూడా తిరిగి ఆన్ చేశాను. ఉబుంటు బూట్ మొదట పిలిచే షిమ్ ఫైలు మీద మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి అది అడ్డు చెప్పదు. రెండు సిస్టమ్‌లూ ఒక్కోసారి తెరిచి చూశాకే ఆ పని ముగిసిందనుకున్నాను.

ఐదున్నర గంటల కథ

ఇక గడియారం. మదర్‌బోర్డు మీద ఉండే గడియారంలో ఉన్న టైమ్‌ను విండోస్ స్థానిక సమయంగా చదువుతుంది. లినక్స్ అక్కడ ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైమ్ ఉంచుతుంది. మన సమయం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. ఉబుంటు వాడి ఆపి విండోస్‌లోకి వస్తే, ఉబుంటు రాసిన యూటీసీని విండోస్ మన టైమ్ అనుకుని చూపిస్తుంది. నెట్ కలిస్తే ఎప్పుడో సరిచేసుకుంటుంది, డీటీపీ సెంటర్లో నెట్ లేని రోజు అలాగే ఉండిపోతుంది. బ్యాటరీ సెల్ మార్చినా ఉపయోగం ఉండదు.

ఉబుంటులో 'టైమ్‌డేట్‌సీటీఎల్' ఆదేశంతో లోకల్ ఆర్‌టీసీని (ఆర్‌టీసీ అంటే మదర్‌బోర్డు గడియారం) 1గా సెట్ చేశాను, అంటే ఉబుంటు కూడా అక్కడ మన టైమే ఉంచుతుంది. అలా చేయవద్దని అదే ఒక హెచ్చరిక ఇస్తుంది. ఆ హెచ్చరికలో ముఖ్యమైన భయం ఏడాదికి రెండుసార్లు గడియారాలు ముందుకూ వెనక్కూ జరిపే దేశాలకు సంబంధించింది. మన దగ్గర ఆ పద్ధతి లేదు. నాన్నగారి విండోస్ రిజిస్ట్రీని కెలకడం కంటే ఇదే మేలనిపించింది.

విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేశాను. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా నిద్రపోదు, సగం హైబర్నేషన్‌లో ఉంటుంది. ఆ స్థితిలో విండోస్ డ్రైవ్‌ను ఉబుంటు చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయనివ్వదు.

మిగిలింది మింట్ ఖాళీ చేసిన 40 జీబీ. సీ డ్రైవ్‌లో కలపాలన్నది అమ్మాయి కోరిక. విండోస్ ఎక్స్‌టెండ్ ఒప్పుకునేది ఆ డ్రైవ్‌కు కుడి పక్కనే ఆనుకుని ఖాళీ ఉంటేనే. ఇక్కడ మధ్యలో రికవరీ పార్టిషన్, ఉబుంటు పార్టిషన్ రెండూ అడ్డున్నాయి. వాటిని జరపడం సాధ్యమే, కానీ మధ్యలో కరెంటు పోతే రెండు సిస్టమ్‌లూ పోతాయి. నేను వద్దన్నాను. ఆ 40 జీబీని ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌తో డీ డ్రైవ్ చేసి, పెళ్లి కార్డుల ఫోల్డర్ అందులోకి మార్చాం. ఇప్పుడు విండోస్ ఎప్పుడైనా తెరుచుకోకపోయినా ఆ ఫైళ్లు ఉబుంటులోంచి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. సీ డ్రైవ్‌లో కూడా చోటు దొరికింది.

ఇదే జబ్బు వేరే రూపాల్లో

ఎక్కువసార్లు చూసేది ఇంకోటి ఉంది. పెన్‌డ్రైవ్‌ను లెగసీలో బూట్ చేసి లినక్స్ వేయడం. విండోస్ యూఈఎఫ్ఐలో, లినక్స్ లెగసీలో పడితే ఒకదాని మెనూలోంచి ఇంకోదాన్ని తెరవడం కుదరదు, ఎన్నిసార్లు అప్‌డేట్-గ్రబ్ కొట్టినా ఫలితం ఉండదు. ఎఫ్12 జాబితాలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే, ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోండి. లినక్స్ ఏ పద్ధతిలో నడుస్తోందో తెలియాలంటే సిస్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి, ఉంటే యూఈఎఫ్ఐ. విండోస్‌లో అయితే ఎంఎస్‌ఇన్ఫో32 తెరిస్తే బయోస్ మోడ్ అన్న లైనులో ఉంటుంది.

విండోస్ తెరుచుకోకపోతే అందరూ మొదట చెప్పే మంత్రం బూట్‌రెక్, ఫిక్స్‌ఎంబీఆర్. అది లెగసీ రోజుల మందు. యూఈఎఫ్ఐ మెషీన్ ఆ మొదటి సెక్టారులోని బూట్ కోడ్ వైపు చూడనే చూడదు. అక్కడ పనిచేసేది బీసీడీబూట్. రికవరీ కమాండ్ ప్రాంప్ట్‌లో ఈఎస్‌పీకి ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, విండోస్ ఫోల్డర్ నుంచి బూట్ ఫైళ్లను అందులోకి కొత్తగా రాయించాలి.

విండోస్ 11తో వచ్చిన కొత్త లాప్‌టాప్ అయితే సెటప్‌లో దేన్నైనా మార్చే ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూడండి. సెక్యూర్ బూట్ ఆపినా, గ్రబ్ ద్వారా విండోస్ తెరిచినా అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ లేకుండా లోపలి ఫైళ్లు మేమే కాదు, ఎవరూ తీయలేరు. కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాకే ఎఫ్2 నొక్కండి. ఈ విషయంలో నా దగ్గరకు ఏడుస్తూ వచ్చినవాళ్లున్నారు, వాళ్లకు నేను ఏమీ చేయలేకపోయాను.

నెలన్నర తర్వాత

ఒక రాత్రి తొమ్మిదింటికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. లాప్‌టాప్ కంపెనీ పంపిన బయోస్ (బోర్డు సొంత ప్రోగ్రామ్) అప్‌డేట్ అయ్యిందట. అప్పటి నుంచి మెనూ రావట్లేదు, సీదా విండోస్‌లోకి వెళ్తోందట. నేను అడగబోయేవన్నీ తనే చెప్పుకుంటూ పోయింది.

"లెగసీ మారిందేమోనని చూసిన, యూఈఎఫ్ఐల్నే ఉన్నదన్నా. ఎఫ్12ల ఉబుంటు పేరు లేదు. డిస్క్ మీద ఏం ముట్టలే. అంటే ఈఎస్‌పీల ఫోల్డర్ ఉంటది, బోర్డుల పేరు ఒక్కటే పోయింది, గంతే కదా?"

అంతే. బయోస్ అప్‌డేట్ అయినప్పుడు కొన్ని బోర్డులు ఎన్‌వీర్యామ్‌లోని ఆ వరసను చెరిపేస్తాయి. సెటప్‌లో బూట్ పేజీకి వెళ్లి, యాడ్ బూట్ ఆప్షన్‌లోంచి ఈఎస్‌పీ తెరవమన్నాను. ఈఎఫ్ఐ, ఉబుంటు, అందులో షిమ్ ఎక్స్64 ఫైలు అని తను చదువుతుంటే నేను వింటున్నాను. పేరు అడిగితే ఉబుంటు అని కొట్టింది, దాన్ని జాబితాలో పైకి జరిపింది, ఎఫ్10 నొక్కింది. కాసేపు ఫోన్‌లో హాస్టల్ కారిడార్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"వచ్చిందన్నా. రెండూ ఉన్నయి. బాపుకి ఫోన్ చేసి చెప్త" అని పెట్టేసింది.